మొదటి ట్యాంకు పొంగిపోతోంది, రెండోది నిండట్లేదు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. బోరు ఉన్న ఇళ్లల్లో కూడా బిందెడు నీళ్లకు కటకటే. అప్పటినుంచి మా శ్రీకాకుళం జిల్లాలో వాన నీళ్లు పట్టే ట్యాంకు ఉన్నవాళ్లు పక్కన ఇంకోటి పెట్టించుకోవడం ఎక్కువైంది. మంచిదే. రెండింటినీ అడుగున ఒక పైపుతో కలుపుతారు, వాన పడుతుంది, మొదటిది నిండి పెరట్లోకి పొర్లిపోతూ ఉంటుంది. రెండోదాని మూత తీసి చూస్తే నీళ్లు మోకాలి లోతే. "ఇదేటి బాబూ, దీనికన్నా మా పాత గోలెమే నయం" అంది ఒక ఇంట్లో ముసలమ్మ.

ముందు మధ్యలో ఉన్న వాల్వ్ చూడండి. నవ్వకండి, నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. బాల్ వాల్వ్ పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ట్యాంకు కడిగిన రోజు మూసి, తెరవడం మర్చిపోతారు. తర్వాత ప్లంబర్ని పిలుస్తారు, అతను పిడి తిప్పి రెండొందలు తీసుకుని వెళ్తాడు. పాత గేట్ వాల్వ్ అయితే పైన చక్రం తిరుగుతుంది గానీ లోపల బిళ్ల కదలదు. దాన్ని మార్చేయడమే.

వాల్వ్ బాగానే ఉంటే ఎత్తులు చూడాలి. మేస్త్రీలు వాడే లెవల్ పైపు తెచ్చి రెండు ట్యాంకుల ఓవర్‌ఫ్లో రంధ్రాలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో కొలవండి. రెండో దిమ్మ రెండు ఇటుకలు పల్లంగా కడితే ముందు ఆ ట్యాంకే పొర్లిపోతుంది, మొదటిది ఎప్పటికీ పూర్తిగా నిండదు. రెండు ఇటుకలు ఎత్తుగా కడితే మొదటిది ముందే పొర్లిపోతుంది, రెండోదాంట్లో పైభాగం ఎప్పుడూ ఖాళీయే. నీళ్లకు ట్యాంకు సైజు తెలీదు, మట్టమే తెలుసు.

ఆ తర్వాత పైపు లావు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్ల పైనే. కొంత పోయినా ఏడెనిమిది వందలు ట్యాంకులోకి వస్తాయి. తుపాను వాన గంటకు ఐదు సెంటీమీటర్లు పడుతుంటే అరంగుళం పైపు ఎక్కడ తట్టుకుంటుంది? కనీసం అంగుళంన్నర వేయించండి.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేదు. వాన ఆగాక రెండు ట్యాంకుల్లోనూ కర్ర దించి, నీటి మట్టం నుంచి ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా ఎంతుందో కొలిచి రాసుకోండి. మర్నాడు పొద్దున్న, నీళ్లు వాడకముందే మళ్లీ కొలవండి. పైపు సన్నమైతే రాత్రికి రాత్రే రెండూ సమానమైపోతాయి. పొద్దున్నకి కూడా అదే తేడా, అడుగో అడుగున్నరో, కదలకుండా అలాగే ఉంటే పైపులో గాలి పట్టింది.

ఇది నన్ను ఎంత తిప్పించిందో చెప్తాను. విజయనగరంలో ఒక ఇల్లు, రెండు ట్యాంకులకూ మధ్య మురుగు కాలువ. గచ్చు పగలగొట్టడం ఎందుకని పైపును కాలువ మీదుగా ఎత్తి, అవతల దించారు. పైకి ఒక ఎల్బో, అడ్డంగా రెండడుగులు, కిందికి ఒక ఎల్బో, చూడ్డానికి చిన్న గుమ్మంలా ఉంది. నేను వెళ్లి వాల్వ్ మార్చాను. నీళ్లు రాలేదు. ట్యాంకుకు పైపు తగిలించే నిప్పల్లో చెత్త ఉందేమోనని గుమ్మం మీదున్న యూనియన్, అంటే పైపును విప్పి బిగించే జాయింటు, విప్పాను. బుస్సుమని గాలి, దాని వెనకే నీళ్లు. బిగించాక రెండు ట్యాంకులూ గంటలో సమానం. చెత్త పోయిందనుకుని డబ్బులు తీసుకుని వచ్చేశాను. వేసవిలో ట్యాంకులు ఎండాయి, జూన్‌లో తొలి వానకే మళ్లీ ఫోన్. ఈసారి రెండంగుళాల పైపు వేశాను, అదే ఎత్తు, అదే దారి. ఇంకా మొండికేసింది. మూడోసారి వెళ్లి ఆ కాలువ గట్టు మీద కూర్చుని చూస్తే అప్పుడు బుర్రకెక్కింది.

ఎండిన పైపులో గాలే ఉంటుంది. మొదటి ట్యాంకు నుంచి నీళ్లు ఎక్కి, గుమ్మం దాటి, అవతలికి సన్నగా జారతాయి. రెండో ట్యాంకులో నిప్పల్ మునిగేసరికి ఆ దిగే పైపులో ఉన్న గాలికి ఇక బయటికి దారి లేదు. అక్కడ ఎంత ఎత్తు గాలి నిలిస్తే, మొదటి ట్యాంకులో మట్టం అంత ఎక్కువ ఉంటేనే నీళ్లు గుమ్మం దాటతాయి. గుమ్మం అడుగు ఎత్తుంటే దాదాపు అడుగు తేడాలో ఆగిపోతుంది. ఇలాంటివి రెండుంటే ఆ తేడాలు కూడుకుంటాయి. సన్న పైపులో నీటి ఉరవడికి గాలి కొంత కొట్టుకుపోతుంది, లావు పైపులో నీళ్లు అడుగునుంచి జారిపోతాయి, గాలి పైన హాయిగా కూర్చుంటుంది. నా రెండంగుళాల పైపు చేసిన ఘనకార్యం అదీ.

గుమ్మం తీసేయడమే సరైన పని. గచ్చు కోసి పైపును కాలువ కిందుగా తీసుకెళ్లండి. కిందికి వంగితే గాలి నిలవదు, మట్టి పేరుతుంది, అందుకని అడుగున ఒక టీ, అంటే మూడు మూతుల ముక్క, వేసి మూడో మూతికి డమ్మీ మూత బిగించండి, ఏడాదికోసారి విప్పి కడగొచ్చు. కొయ్యడం కుదరకపోతే గుమ్మం నడినెత్తిన టీ పెట్టి, అరంగుళం పైపును ఓవర్‌ఫ్లో మట్టం కన్నా పైకి లేపి తెరిచి ఉంచండి. మూతిని కిందికి వంచి దోమల జాలీ కట్టండి. దీంతో ఒక ఇబ్బంది ఉంది. మట్టం గుమ్మం కన్నా దిగాక రెండు ట్యాంకులూ విడిపోతాయి, అందుకని కుళాయి రెండింటికీ ఉండాలి. సపోర్టు చాలక రెండు మూడు చోట్ల కిందికి వంగిన పొడవాటి పైపు కూడా ఇలాగే చేస్తుంది, రెండు వంపుల మధ్య ఎత్తుగా ఉన్నచోట గాలి నిలుస్తుంది. నాలుగడుగులకొక క్లాంపు చాలు.

మోటారు గాలి లాగుతోందంటే సక్షన్ పైపులో ఇదే గుమ్మం వెతకండి, లేదా జాయింటు వదులైంది. నీళ్లు వాసనొస్తే డాబా మీది మురికితో వచ్చే తొలి వాన నీళ్లు బయటికి వదల్లేదని, అది వేరే సంగతి. నిప్పల్ వాషరు మడత పడటం, ట్యాంకు పగలడం, మూత గాలాడకుండా బిగుసుకోవడం ఉంటాయి గానీ అరుదు. నేను లేపించిన గాలి పైపులోనే పోయినేడు కందిరీగలు మట్టి గూడు పెట్టాయి. జాలీ కట్టమంటే ఆ ఇంటాయన తర్వాత చూద్దాం అన్నాడు.