బీఎంఐకీ రక్తంలోని డీఎన్ఏ మిథైలేషన్‌కీ ఉన్న ముడి విప్పడం: ట్యూబు నుంచి కార్యకారణ పరీక్ష దాకా

బరువు పెరిగినవాళ్ల రక్తంలో కొన్ని సీపీజీ స్థానాల (డీఎన్ఏలో సైటోసిన్ పక్కనే గ్వానిన్ వచ్చే చోట్ల) దగ్గర మిథైలేషన్ (సైటోసిన్‌కు మిథైల్ అతుక్కోవడం) తేడాగా ఉంటుందన్నది ఇప్పుడు కొత్త మాట కాదు. ఏబీసీజీ1 జన్యువులోని సీజీ06500161, సీపీటీ1ఏలోని సీజీ00574958, హిఫ్3ఏలోని సీజీ22891070 ఈ పని చేసేవాళ్లందరికీ నోటికొచ్చిన పేర్లే. చిప్ నడిపితే తేడా దొరుకుతుంది. ఆ తేడా రక్తకణాల పాళ్లు మారడం వల్ల వచ్చిందా, పక్కనున్న స్నిప్ (మనిషికీ మనిషికీ తేడా ఉండే ఒక్క డీఎన్ఏ అక్షరం) తెచ్చిందా, లేక ఊబకాయమే దాన్ని పుట్టించిందా అని తేల్చడమే అసలు పని. కింది పద్ధతి ఎపిక్ చిప్‌తో (లక్షల సీపీజీల మిథైలేషన్‌ను ఒకేసారి కొలిచేది), కొన్ని వందల మంది రక్తంతో పనిచేసే ల్యాబ్ కోసం. ఒక్కో స్థానంలో తేడా తరచు ఒకటి రెండు శాతానికి మించదు కాబట్టి నలభై యాభై మందితో మొదలుపెట్టి లాభం లేదు.

రక్తం, ప్రశ్నలు

ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే రక్తం తీయండి. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ని (డీఎన్ఏ నకళ్లు పెంచే చర్యను) అడ్డుకుంటుంది. ఊళ్లో క్యాంపు పెట్టి తీస్తుంటే ఐస్ బాక్సులో తెచ్చి, అదే రోజు బఫీ కోట్ (తెల్లరక్తకణాల పొర) వేరుచేసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. అదే రక్తంతో సీబీసీ, డిఫరెన్షియల్ కౌంట్ (రక్తకణాలు ఏ రకం ఎన్ని అన్న లెక్క) కూడా చేయించండి. ఖర్చు తక్కువ. తర్వాత కంప్యూటర్ లెక్కగట్టే కణాల పాళ్లను సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

ప్రశ్నపత్రంలో పొగ గురించి గట్టిగా అడగాలి. రక్తపు మిథైలేషన్‌ను పొగాకు మార్చినంతగా మార్చేవి చాలా తక్కువ. "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. బీడీ, చుట్ట, గుట్కా, జర్దా దేనికదే విడిగా అడగండి. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. ఆ అలవాటును పేరు పెట్టి అడిగితే తప్ప జవాబు రాదు. డేటా వచ్చాక ఏహెచ్ఆర్ఆర్ జన్యువులోని సీజీ05575921 చూడండి. పొగతాగేవాళ్లలో అది బాగా పడిపోతుంది. "తాగను" అన్న మనిషి దగ్గర ఆ విలువ మరీ తక్కువగా ఉంటే ఫారం మీద కంటే చిప్ మీదే ఎక్కువ నమ్మకం పెట్టవచ్చు.

బైసల్ఫైట్ మార్పిడి

మిథైల్ లేని సైటోసిన్ బైసల్ఫైట్ వల్ల యూరసిల్ అవుతుంది, మిథైల్ ఉన్నది అలాగే మిగులుతుంది. అంటే మార్పిడి సగంలో ఆగితే, మిగిలిపోయిన ప్రతి సైటోసినూ మిథైలేషన్ ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ తొందరపడకూడదు.

డీఎన్ఏని క్యూబిట్‌తో (డీఎన్ఏకే అంటుకునే రంగుతో కొలిచే యంత్రంతో) కొలవండి. కాంతి శోషణతో కొలిచే నానోడ్రాప్ ఆర్ఎన్ఏని కూడా కలిపి లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. ఎపిక్‌కి 250 నానోగ్రాములు చాలు, దొరికితే 500 పెట్టడం మేలు. జైమో ఈజడ్ డీఎన్ఏ మిథైలేషన్ కిట్‌తో క్రమం ఇది: డీఎన్ఏని నీటితో 45 మైక్రోలీటర్లకు తెచ్చి, 5 మైక్రోలీటర్ల ఎం-డైల్యూషన్ బఫర్ కలిపి 37 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచండి. అప్పుడే కలిపిన సీటీ కన్వర్షన్ రీఏజెంట్ 100 మైక్రోలీటర్లు వేయండి. థర్మల్ సైక్లర్‌లో 95 డిగ్రీల్లో 30 సెకన్లు, 50 డిగ్రీల్లో 60 నిమిషాలు, ఇలా 16 సార్లు. సాయంత్రం పెడితే ఉదయానికి అవుతుంది. తర్వాత 400 మైక్రోలీటర్ల బైండింగ్ బఫర్‌తో కాలమ్‌కి ఎక్కించి, 100 మైక్రోలీటర్ల వాష్ బఫర్‌తో కడిగి, 200 మైక్రోలీటర్ల డీసల్ఫొనేషన్ బఫర్ వేసి గది ఉష్ణోగ్రతలో 15 నుంచి 20 నిమిషాలు ఆగండి. తక్కువైతే సల్ఫొనేట్ మిగిలి పాలిమరేజ్ ఆగిపోతుంది, ఎక్కువైతే డీఎన్ఏ ముక్కలవుతుంది. 200 మైక్రోలీటర్లతో రెండుసార్లు కడిగి 12 మైక్రోలీటర్లలో దించండి.

సీటీ రీఏజెంట్‌కి వెలుతురు, గాలి పడవు. నిన్న కలిపింది ఈరోజు వాడకండి. వాష్ బఫర్ సీసాలో ఎథనాల్ కలిపారో లేదో మూత మీద రాసి పెట్టండి. ప్లేటుకు ప్లేటు పోయే పొరపాట్లలో ఇది మొదటి వరసలో ఉంటుంది. దింపిన డీఎన్ఏ ఒంటి పోగు కాబట్టి, జంట పోగుల క్యూబిట్ కిట్ దాన్ని చూడలేదు. నానోడ్రాప్‌లో ఆర్ఎన్ఏ సెట్టింగ్ పెట్టి కొలవండి.

చిప్ మీద ఎవరు ఎక్కడ

ఎపిక్ చిప్ ఒక్కదానిపై 8 నమూనాలు, 12 చిప్‌లకు ఒక 96 గుంతల ప్లేటు. లావుపాటివాళ్లందరినీ ఒక ప్లేటులో, సన్నవాళ్లను మరో ప్లేటులో పెడితే ఆ డేటాను ఏ గణితమూ కాపాడలేదు. బీఎంఐ, వయసు, లింగం ప్రతి చిప్‌కీ, ప్రతి వరసకీ సమంగా పంచేలా కంప్యూటర్‌తో చీటీలు వేయించండి. చిప్ మీద పై వరసకీ కింది వరసకీ కూడా తేడా వస్తుంది. పంపకం చెడ్డాక కాంబ్యాట్ (బ్యాచ్ తేడాలను తీసే ప్రోగ్రాం) వాడి సర్దేద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. గుంపులు బ్యాచ్‌లతో కలిసిపోయి ఉన్నప్పుడు అది లేని తేడాను పుట్టించగలదు.

డేటా వడపోత

చిప్ నుంచి వచ్చే ఐడాట్ ఫైళ్లను ఆర్ అనే గణాంక భాషలో మిన్‌ఫై, మెఫిల్ లేదా సెసమి ప్యాకేజీతో చదవవచ్చు. డిటెక్షన్ పీ విలువ (సంకేతం వట్టి రొదే అయ్యే అవకాశం) 0.01 దాటిన ప్రోబ్‌లు (చిప్ మీద ఒక్కో స్థానాన్ని కొలిచే డీఎన్ఏ ముక్కలు) ఒక నమూనాలో 5 శాతం మించితే ఆ నమూనా పక్కన పెట్టండి. బైసల్ఫైట్ కంట్రోల్ ప్రోబ్‌లు చూడండి. ఎక్స్, వై క్రోమోజోముల సంకేతం ఫారంలోని లింగంతో సరిపోవాలి. చిప్‌లోనే ఉన్న స్నిప్ ప్రోబ్‌లను అదే వ్యక్తి జీనోటైప్ (ఏ స్నిప్ దగ్గర ఏ అక్షరాలున్నాయన్న) డేటాతో పోల్చండి. ట్యూబులు తారుమారైతే ఇక్కడ దొరికిపోతాయి. ఈ పరీక్ష మానేసి తర్వాత జన్యు విశ్లేషణకు వెళ్లడం దండగ.

ఎపిక్ రెండో వెర్షన్‌లో ప్రోబ్ పేరు చివర అదనపు అక్షరాలుంటాయి, ఒకే స్థానానికి ఒకటికి మించి ప్రోబ్‌లూ ఉంటాయి. వాటిని సగటు తీసి ఒకటి చేయకపోతే పాత డేటాతో కలపలేరు. ఒకటికి మించి చోట్ల అతుక్కునే ప్రోబ్‌లను తీసేయండి.

ఇక స్నిప్ మీద కూర్చున్న ప్రోబ్‌లు. అలాంటి ఒకదాని బీటా విలువలకు (0 నుంచి 1 దాకా ఉండే మిథైలేషన్ పాలుకు) హిస్టోగ్రామ్ వేసి చూడండి. 0.1, 0.5, 0.9 దగ్గర మూడు గుట్టలు కనిపిస్తాయి. సీపీజీలోని సైటోసిన్ స్థానంలోనే కొందరికి థైమిన్ ఉంటే, చిప్ కొలుస్తున్నది మిథైలేషన్‌ని కాదు, జీనోటైప్‌ని. అయితే మూడు గుట్టలున్న ప్రతిదాన్నీ పారేయకండి. స్నిప్ కొన్ని వేల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) దూరంలో ఉండి నిజంగానే మిథైలేషన్‌ను నడిపిస్తున్నప్పుడూ అదే బొమ్మ వస్తుంది. స్నిప్ స్థానం చూసి తేల్చుకోవాలి. దీనికి యూరోపియన్ల పౌనఃపున్యాలతో చేసిన తయారు జాబితాలు మనవాళ్లకు చాలవు. 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ జన్యు డేటాలో ఐటీయూ అనే గుంపు ఉంది: బ్రిటన్‌లో స్థిరపడ్డ 102 మంది తెలుగువాళ్లు. అరుదైన స్నిప్‌లకు 102 మంది చాలరు కాబట్టి మిగతా దక్షిణాసియా గుంపులను కూడా కలిపి పౌనఃపున్యం చూడండి.

కణాల పాళ్లు, మోడల్

బీఎంఐ పెరిగితే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) పెరగడం మామూలే. న్యూట్రోఫిల్‌కీ లింఫోసైట్‌కీ మిథైలేషన్ వేలాది చోట్ల వేరు. సర్దకపోతే ఆ వేలాది చోట్లా "ఊబకాయపు గుర్తులు"గా బయటికొస్తాయి. మిథైలేషన్ నుంచే కణాల పాళ్లు అంచనా వేసేందుకు హౌస్‌మన్ 2012లో ఇచ్చిన పద్ధతితో సీడీ4, సీడీ8, బీ, ఎన్‌కే (ఈ నాలుగూ లింఫోసైట్ రకాలు), మోనోసైట్, న్యూట్రోఫిల్ పాళ్లు లెక్కగట్టి మోడల్‌లో పెట్టండి. ఆరింటి మొత్తం దాదాపు ఒకటి అవుతుంది కాబట్టి ఒకదాన్ని వదిలేయాలి, లేకపోతే గుణకాలు అటూ ఇటూ ఊగుతాయి. సీబీసీలో వచ్చిన న్యూట్రోఫిల్ శాతంతో ఈ లెక్క పొసగకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి.

లిమ్మా అనే ఆర్ ప్యాకేజీలో మిథైలేషన్‌ను ఫలితంగా, బీఎంఐని కారకంగా పెట్టి, వయసు, లింగం, పొగ, కణాలు, చిప్, వరస, జన్యు పీసీలు (వంశమూలాల తేడాను పట్టే అక్షాలు) కలపండి. పరీక్షకు ఎం విలువ (బీటాను 1−బీటాతో భాగించి తీసిన లాగ్2), చెప్పడానికి బీటా. బీటా 0.8 అంటే ఎం దాదాపు 2. ఎపిక్‌కి పీ గీత 9×10⁻⁸ దగ్గర పెట్టడం వాడుక. లాంబ్డా (ఫలితాలు మొత్తంగా ఎంత ఉబ్బాయన్న కొలత) బాగా పెరిగితే బేకన్ ప్యాకేజీతో సర్దండి, కానీ ముందు ఏ కోవేరియేట్ (మోడల్‌లో కలపాల్సిన అంశం) మరిచారో చూడండి.

జీనోటైప్ జతచేయడం

అదే మనుషుల జీనోటైప్ చిప్ డేటా ఉంటే మిథైలేషన్ క్యూటీఎల్ (మిథైలేషన్‌ను మార్చే స్నిప్‌లు) వెతకవచ్చు: ప్రతి సీపీజీకి అటూ ఇటూ 10 లక్షల బేస్‌ల లోపలి స్నిప్‌లన్నీ. ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటుంది. భార్యాభర్తలకు రక్తసంబంధం ఉండదన్న ఊహ మీద చాలా పైప్‌లైన్లు నడుస్తాయి. మేనరికాలున్న చోట అది నిలవదు. మేనమామకూ మేనకోడలికీ కిన్‌షిప్ (రక్తసంబంధపు కొలత) 1/8. వాళ్ల పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఇన్‌బ్రీడింగ్ గుణకం కూడా 0.125, మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిలో అయితే 0.0625. కింగ్ అనే ప్రోగ్రాంతో అందరి బంధుత్వమూ లెక్కగట్టి, దగ్గరివాళ్లను తీసేయండి లేదా కిన్‌షిప్ మాత్రికను మిశ్రమ మోడల్‌లో పెట్టండి. తీసేస్తే నమూనా బాగా తగ్గిపోతుంది, రెండోదే నయం.

సొంత జీనోటైప్‌లు లేకపోతే గోడీఎంసీ అనే పరిశోధక కూటమి 2021లో ఇచ్చిన మిథైలేషన్ క్యూటీఎల్ ఫలితాలున్నాయి, 32,851 మందివి. అవన్నీ యూరోపియన్లవి. అక్కడి సూచక స్నిప్ మన దగ్గర అసలు స్నిప్‌తో కలిసి నడవకపోవచ్చు. పట్టికలో ఉన్నది మనకూ వర్తిస్తుందని వాడేముందు ఈ లింకేజ్ (స్నిప్‌లు కలిసి నడవడం) చూసుకోండి.

కారణమా, పర్యవసానమా

మెండీలియన్ ర్యాండమైజేషన్‌ను (పుట్టుకతో వచ్చే స్నిప్‌ల సాయంతో ఏది కారణమో పరీక్షించే పద్ధతిని) రెండు వైపులా నడపాలి. మిథైలేషన్ నుంచి బీఎంఐ వైపు అయితే పీ 5×10⁻⁸ కన్నా తక్కువున్న సిస్ (ఆ సీపీజీకి దగ్గర్లోని) స్నిప్‌ను తీసుకుని, ఎఫ్ విలువ (ఆ స్నిప్ ప్రభావం ఎంత బలమైనదన్న కొలత) 10 దాటిందని చూసుకుని, బీఎంఐ మీద దాని ప్రభావాన్ని మిథైలేషన్ మీద ప్రభావంతో భాగించండి. సాధారణంగా ఒక్క స్నిప్పే మిగులుతుంది కాబట్టి చాలా స్నిప్‌లు కావాల్సిన ఎగర్ లాంటి పరీక్షలు నడవవు. బదులుగా కోలొకలైజేషన్ తప్పనిసరి. రెండు సంకేతాలదీ ఒకటే స్నిప్ అన్న సంభావ్యత 0.8 దాటకపోతే పక్కపక్కన కూర్చున్న రెండు వేర్వేరు స్నిప్‌లు మిమ్మల్ని మోసం చేస్తూ ఉండవచ్చు. హిఫ్3ఏ దగ్గర 2014లో ఇదే పాఠం: మిథైలేషన్‌ను మార్చే స్నిప్‌లు ఉన్నాయి, కానీ వాటికి బీఎంఐతో సంబంధం లేదు. అంటే ఆ మిథైలేషన్ బీఎంఐని పెంచుతోందనడానికి ఆధారం లేదు.

వెనక్కి, అంటే బీఎంఐ నుంచి మిథైలేషన్ వైపు, వెళ్లడం కష్టం. బీఎంఐ జీవాస్‌లో (జీనోమంతా గాలించి బీఎంఐతో ముడిపడ్డ స్నిప్‌లు వెతికే అధ్యయనాల్లో), ముఖ్యంగా 2018 నాటి పెద్ద దానిలో, స్నిప్‌లు 941 ఉన్నాయి. కానీ క్యూటీఎల్ పట్టికల్లో వడపోసిన జతలే ఉంటాయి కనుక వాటిలో చాలావాటి ప్రభావం దొరకదు. సొంత డేటాలో ప్రతి మనిషికీ బీఎంఐ పాలిజెనిక్ స్కోరు (అన్ని స్నిప్‌ల ప్రభావాల మొత్తం) కట్టి, అది మీ సీపీజీని ఎంత కదిలిస్తుందో చూడండి. యూరోపియన్ల డేటాతో కట్టిన స్కోరు మనవాళ్లలో బలహీనంగా పనిచేస్తుంది కాబట్టి "సంబంధం లేదు" అన్న ఫలితాన్ని అంత తేలిగ్గా నమ్మవద్దు. 2017లో లండన్‌లోని భారత సంతతివాళ్లను కూడా కలుపుకుని చేసిన పెద్ద అధ్యయనం 187 స్థానాలు పట్టి, వాటిలో ఎక్కువ భాగం ఊబకాయం తెచ్చిన మార్పులేనని చూపింది. మీ కొత్త సీపీజీ విషయంలోనూ మొదటి అనుమానం అటువైపే ఉండాలి.

రెండు డేటాలు కలిపేటప్పుడు ఏ/టీ, సీ/జీ స్నిప్‌లలో పోగు ఏదో తెలియదు. పౌనఃపున్యం సగానికి దగ్గరగా ఉంటే వాటిని వదిలేయండి, లేదంటే గుర్తు తిరగబడి రక్షణ కాస్తా ప్రమాదం అవుతుంది. పట్టికలో ప్రతి వరసకీ ప్రభావ అల్లీల్ (ప్రభావం ఏ అక్షరానికి లెక్కించారో అది), జీనోమ్ బిల్డ్ (స్థానాల సంఖ్యలు ఏ వెర్షన్ జీనోమ్ పటానివో) రాయండి. ఎపిక్ రెండో వెర్షన్ నిర్దేశాంకాలు 38వ బిల్డ్‌వి, గోడీఎంసీవి 37వి. లిఫ్ట్ఓవర్ (ఒక బిల్డ్ సంఖ్యలను మరోదానికి మార్చడం) చేయకుండా స్థానం సంఖ్యతో జతచేస్తే పక్క స్నిప్ వచ్చి కూర్చుంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ ఎర్రరూ చూపించదు.