కారు బూస్ట్ పెంచాలంటే ముందు కారే గాలి ఆపండి

టర్బో కారు ఇంకాస్త లాగాలని బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచబోయేవాళ్లు సాధారణంగా ముందు పట్టుకునేది వేస్ట్‌గేట్ రాడ్డునే. వేస్ట్‌గేట్ అంటే టర్బోని తిప్పే పొగలో కొంత పక్కకి వదిలి బూస్ట్‌ని అదుపులో ఉంచే తలుపు. రెండు చుట్లు తిప్పి, రోడ్డెక్కి తొక్కి చూస్తారు. కానీ అయిదారేళ్లు వాడిన బండిలో, అందులోనూ భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండిలో, కంపెనీ ఇచ్చిన బూస్టే పూర్తిగా ఇంజిన్‌కి చేరకపోవచ్చు. ఏదో ఒక గొట్టం జాయింటు దగ్గర గాలి కారిపోతూ ఉంటుంది. ఆ లీకు అలాగే ఉంచి బూస్ట్ పెంచితే, లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది, ఇంజిన్‌కి మాత్రం పెద్దగా ఒరిగేదేం ఉండదు. కాబట్టి ముందు కొలత, తర్వాత లీకు, పెంచడం ఆఖర్న.

మీ బండి ఏ రకం?

బానెట్ ఎత్తి టర్బో పక్కన చూడండి. చిన్న గుండ్రటి డబ్బా, దాన్నుంచి ఒక రాడ్డు, డబ్బాకి ఒక సన్న రబ్బరు గొట్టం కనిపిస్తే అది గాలి ఒత్తిడితో పనిచేసే యాక్చుయేటర్, అంటే వేస్ట్‌గేట్‌ని కదిలించేది. కింద చెప్పే కంట్రోలర్ పని దీనికే. డబ్బాకి గొట్టం లేకుండా వైర్ల ప్లగ్గు ఉంటే (ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 1.0 టీఎస్ఐ ఇలాంటిదే) అది మోటారుతో తిరిగే వేస్ట్‌గేట్. దానికి గొట్టాల వైద్యం పనిచేయదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సెట్టింగులు మార్చే రీమ్యాప్ ఒక్కటే దారి.

మూడో రకంతో జాగ్రత్త. చూడ్డానికి మొదటిదానిలాగే గొట్టం, డబ్బా ఉంటాయి. కానీ ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఐడిల్‌లోనే రాడ్డు కదిలిందంటే అది వ్యాక్యూమ్‌తో నడిచేది, డీజిల్ అయితే చాలావరకు వీజీటీ (పొగ దారిని వేన్‌లనే చిన్న రెక్కలతో మార్చుకునే టర్బో). మన దగ్గర బాగా తిరిగిన 1.3 మల్టీజెట్ డీజిల్‌లో 75 హార్స్‌పవర్‌ది మామూలు వేస్ట్‌గేట్ టర్బో, 90ది వీజీటీ. వీజీటీలో వేన్‌లను ఆపే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, గాలి ప్రవాహం కొలిచే ఫ్లో బెంచ్ లేకుండా దాన్ని సరిగ్గా పెట్టడం కుదరదు. ఆ బండ్లలో పికప్ పడిపోతే ఎక్కువసార్లు మసి పట్టి వేన్‌లు బిగుసుకుని ఉంటాయి. మందు క్లీనింగే, బూస్ట్ కాదు.

కొలత

కారు ఓబీడీ సాకెట్‌లో (ఇంజిన్ కంప్యూటర్ రీడింగులు ఇచ్చే చోట) పెట్టే ఈఎల్ఎం327 డాంగిల్, ఫోన్లో టార్క్ లాంటి యాప్ చాలు. లాగ్‌లో (యాప్ రాసుకునే రికార్డులో) నాలుగు రీడింగులు పెట్టుకోండి: మ్యాప్ ప్రెషర్ (ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, ఆర్‌పీఎం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే మ్యాప్ 100, 101 కిలోపాస్కల్ చూపాలి. డెల్టా అంతా సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి ఎత్తు లెక్కలు అక్కర్లేదు. 95 చూపిస్తే ముందు సెన్సర్ సంగతి తేల్చుకోండి. బండి లాగుతున్నప్పుడు వచ్చిన అంకెలోంచి 100 తీసేస్తే మిగిలింది బూస్ట్. 7 కిలోపాస్కల్ అంటే సుమారు 1 పీఎస్ఐ. ఒక తిరకాసు ఉంది: మామూలు ఓబీడీ రీడింగు 255 దాటి చూపదు. డీజిల్ బండిలో అంకె 255 దగ్గర ఆగిపోతే బూస్ట్ ఆగిందనుకోకండి, కొలబద్దే అయిపోయింది. అలాంటప్పుడు మ్యానిఫోల్డ్ నుంచి గొట్టం లాగి మెకానికల్ గేజ్ పెట్టుకోవాలి.

పరీక్ష మూడో గేరులో చేయండి. 2000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి 4000 దగ్గర వదిలేయండి, చాలా బండ్లలో 100 కిలోమీటర్ల వేగం లోపే అయిపోతుంది. మనకి ఘాట్ రోడ్లు లేవు కాబట్టి ఇంజిన్ మీద బరువు పడాలంటే ఈ గేరే. కాలవ గట్ల మీద వద్దు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని మీద టైరు నిలవదు. చక్రాలు తిప్పి చూసే డైనో అందుబాటులో ఉంటే అదే మేలు. ఒకే రోడ్డు, ఒకే గేరు, ఒకే ఇంధనం, వీలైతే ఒకే వేళ. పొద్దున ఆరింటి లాగ్‌ని మిట్టమధ్యాహ్నం లాగ్‌తో పోల్చడం దండగ.

లీక్ టెస్టర్ తయారీ

టర్బోలోకి గాలి వెళ్లే గొట్టం లోపలి కొలత తీసుకోండి. దానికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్ (చిన్న కార్లకి 50 లేదా 63 ఎంఎం), నట్టుతో బిగించే మెటల్ టైర్ వాల్వ్ ఒకటి, స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు రెండు, సబ్బు నీళ్ల స్ప్రే సీసా. క్యాప్ మధ్యలో వాల్వ్ పట్టేంత రంధ్రం చేసి, రెండు వైపులా రబ్బరు వాషర్లు వేసి బిగించండి. ట్యూబ్‌లెస్ టైర్లకి లాగి బిగించే రబ్బరు వాల్వ్ దీనికి పనికిరాదు. అది పల్చటి రిమ్ము రేకు కోసం చేసింది, పీవీసీ మందంలో సరిగ్గా కూర్చోదు.

ఇంజిన్ చల్లగా ఉండగా ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి, టర్బో మూతి వైపు గొట్టంలో క్యాప్ పెట్టి క్లిప్పు బిగించండి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది బ్రీదర్ గొట్టం. ఇంజిన్ హెడ్ నుంచి వచ్చి టర్బోకి ముందు కలిసే ఆ గొట్టాన్ని విప్పి రెండు చివర్లూ మూసేయాలి. లేకపోతే ఒత్తిడంతా క్రాంక్‌కేస్‌లోకి పోయి ఆయిల్ సీళ్లు తన్నేస్తాయి. భద్రత కోసం ఆయిల్ పోసే మూత తీసి ఉంచండి.

గాలికి రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్ కావాలి. పంక్చర్ షాపులో అడిగితే దొరుకుతుంది. కారు లైటర్‌కి తగిలించే చిన్న పంపు లీకు పెద్దదైతే అందుకోలేదు. 5 పీఎస్ఐతో మొదలుపెట్టి 10కి, ఆఖర్న 15కి వెళ్లండి. అంతకు మించొద్దు, క్యాప్‌కి ఎదురుగా నిలబడొద్దు. ఊడిందంటే రాయిలా వచ్చి తగులుతుంది. సైలెన్సర్‌లోంచి బుస్సుమని గాలి వస్తుంటే వాల్వులు తెరుచుకుని ఉన్నట్టు. క్రాంక్ పుల్లీని స్పానర్‌తో కాస్త తిప్పితే ఆగుతుంది.

ఇక సబ్బు నీళ్లు కొట్టుకుంటూ వెళ్లండి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ప్లాస్టిక్ ట్యాంకుని అల్యూమినియంతో మడిచి కలిపిన అంచు, గొట్టం కిందివైపు ఆయిల్ తడికి మెత్తబడిన చోటు, మ్యాప్ సెన్సర్ ఓ-రింగు, మ్యానిఫోల్డ్ గాస్కెట్, ఏసీ పైపుకి ఒరుసుకుపోయిన వంపు, ఇవి ఎక్కువగా దొరికే చోట్లు. పెట్రోలు బండిలో డైవర్టర్ వాల్వ్ (కాలు తీసినప్పుడు టర్బో ఒత్తిడిని వదిలేసేది) డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, చిరిగిందేమో కూడా చూడాలి. నురగ కాదు, ఒకే చోట ఆగకుండా బుడగ మీద బుడగ వస్తే అదే లీకు. ఇంకో సంగతి: పొలాల పక్కన పార్క్ చేసే బండ్లకి ఎలుకలూ పందికొక్కులూ సన్న గొట్టాలు కొరికేస్తాయి. యాక్చుయేటర్ గొట్టానికి చిన్న పంటి గాటు పడినా బూస్ట్ లెక్క మొత్తం మారిపోతుంది.

గొట్టం లోపల పల్చటి ఆయిల్ తడి కనిపిస్తే కంగారు వద్దు, ఉంటుంది. చెంచాడు పోగై ఉంటే మాత్రం టర్బో సీలో, బ్రీదరో చూడాలి. మళ్లీ బిగించేటప్పుడు తుప్పు పట్టిన క్లిప్పులు పారేసి 304 స్టెయిన్‌లెస్ వేయండి. బిగువు 4, 5 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించి బిగిస్తే క్లిప్పు పళ్లు సిలికాన్‌ని కోస్తాయి.

యాక్చుయేటర్

గేజ్ ఉన్న సైకిల్ పంపు డబ్బాకి తగిలించి మెల్లగా కొట్టండి. చాలా చిన్న టర్బోల్లో 0.4 నుంచి 0.6 బార్ దగ్గర రాడ్డు కదలడం మొదలవుతుంది. కొట్టడం ఆపాక ముల్లు పడిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది, కొత్తది వేయాల్సిందే. రాడ్డు కదలకపోతే ఉప్పుగాలికి పివట్ పిన్ను తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రేతో రాత్రంతా నానబెట్టి, కదిలాక వేడి తట్టుకునే యాంటీ-సీజ్ రాయండి. మామూలు గ్రీజు ఆ వేడికి మాడి జిగురవుతుంది.

రాడ్డు పొడవు తగ్గించి బూస్ట్ పెంచే పాత పద్ధతి గురించి ఒక మాట. నట్టు మీద పెయింటు గీత పెట్టుకుని అర చుట్టు మాత్రమే తిప్పండి. మొత్తం మీద రెండు చుట్లు దాటితే వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకునే దూరం తగ్గిపోయి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ తనంతట తాను ఎక్కుతూ పోతుంది. ఇక దానికి పగ్గం ఉండదు.

మాన్యువల్ కంట్రోలర్

బాల్, స్ప్రింగు ఉన్న ఇత్తడి కంట్రోలర్ వాడండి. చేపల తొట్టి గాలి గొట్టాలకి వేసే ప్లాస్టిక్ వాల్వుతో గాలి వదిలేసే చిట్కా ఒకటుంది. బానెట్ కింద వేడికి ఆ ప్లాస్టిక్ వంగి, నెల తిరిగేసరికి మీరు పెట్టిన సెట్టింగు ఒకటి, నడిచేది ఇంకొకటి.

పని తీరు సులువే. కంప్రెసర్ నుంచి వచ్చే ఒత్తిడి స్ప్రింగు బలాన్ని దాటేదాకా బాల్ గాలిని యాక్చుయేటర్‌కి వెళ్లనివ్వదు, వేస్ట్‌గేట్ అప్పటిదాకా మూసే ఉంటుంది. ఒత్తిడి తీసుకునే చోటు కంప్రెసర్ హౌసింగ్ నుంచే ఉండాలి. థ్రాటిల్ తర్వాత మ్యానిఫోల్డ్ నుంచి తీస్తే కాలు తీసినప్పుడల్లా వ్యాక్యూమ్ వస్తుంది. బాణం గుర్తు యాక్చుయేటర్ వైపు. 4 ఎంఎం సిలికాన్ గొట్టం, వీలైనంత పొట్టిగా, రెండు చివర్లా క్లిప్పు. యాక్చుయేటర్ వైపు మిల్లీమీటరు పాటి బ్లీడ్ రంధ్రం ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. అది లేకపోతే గేరు మార్చాక డబ్బాలో గాలి ఇరుక్కుని వేస్ట్‌గేట్ తెరుచుకునే ఉండిపోతుంది.

స్క్రూ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. లాగ్ తీయండి, అర చుట్టు బిగించండి, మళ్లీ లాగ్. ఒకసారికి 1 పీఎస్ఐ కంటే పెరగకూడదు. ఈసీయూ మార్చని పెట్రోలు బండికి కంపెనీ గరిష్ఠం మీద 2 పీఎస్ఐ దగ్గర ఆగిపోండి. సొలినాయిడ్‌తో (ఈసీయూ నడిపే కరెంటు వాల్వుతో) బూస్ట్ నడిపే బండ్లలో ఈసీయూ తాను అడిగింది ఒకటి, మ్యాప్ చూపేది ఒకటి అయ్యేసరికి థ్రాటిల్ మూసేసి, పీ0234 ఓవర్‌బూస్ట్ కోడు వేసి కూర్చుంటుంది. దాన్ని మోసం చేసే ప్రయత్నాలు వద్దు, రీమ్యాప్‌కి వెళ్లండి. డీజిల్‌లో ఇంధనం పెంచకుండా గాలి ఒక్కటే పెంచితే పొగ తగ్గుతుందేగానీ లాగుడు పెద్దగా మారదు.

ఎంత వస్తుంది, ఎక్కడ ఆపాలి

కంపెనీ బూస్ట్ 0.9 బార్ అనుకుందాం. దాన్ని 1.05 చేస్తే కాగితం మీద గాలి 8 శాతం పెరుగుతుంది. కానీ 40 డిగ్రీల మే మధ్యాహ్నం, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేస్తే, టర్బో నుంచి వచ్చే గాలి 130 డిగ్రీల నుంచి 142కి ఎక్కుతుంది. ఇంటర్‌కూలర్ దాటాక ప్రతి 3 డిగ్రీలకీ సుమారు ఒక శాతం గాలి పల్చబడుతుంది. అందుకే మన ఎండల్లో బూస్ట్ స్క్రూ కంటే ఇంటర్‌కూలర్ శుభ్రతకే లాభం ఎక్కువ. రైసు మిల్లుల ఊక, గడ్డి నుసి, సాయంత్రం దీపపు పురుగులు ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య మేట వేస్తాయి. వెనక వైపు నుంచి ముందుకి తక్కువ ఒత్తిడి నీళ్లు పెట్టండి. సర్వీస్ స్టేషన్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు మడతపడిపోతాయి.

పెట్రోలు బండిలో ఈ మూడింటిలో ఏది కనిపించినా ఒక మెట్టు కిందికి దిగండి: ఇంతకుముందు లాగ్ కంటే టైమింగ్ 3, 4 డిగ్రీలు వెనక్కి పోవడం, ఇన్‌టేక్ గాలి 60 డిగ్రీలు దాటడం, పూర్తిగా తొక్కినప్పుడు వైడ్‌బ్యాండ్ సెన్సర్‌లో (సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ కొలిచేది) ల్యామ్డా 0.90 పైకి వెళ్లడం. ల్యామ్డా అంటే గాలి, ఇంధనాల పాళ్లు చెప్పే అంకె, పెరిగేకొద్దీ ఇంధనం తగ్గినట్టు. 0.80 నుంచి 0.85 మంచిది. ఈ20 పెట్రోలుతో (20 శాతం ఇథనాల్ కలిపినది) గాలి, ఇంధనాల మామూలు 14.7 లెక్క తప్పుతుంది కాబట్టి గేజ్‌ని ల్యామ్డాలోనే పెట్టుకోండి. బూస్ట్ పెంచాక 95 ఆక్టేన్ తప్పనిసరి అనుకోండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి గ్యాప్ 0.6, 0.7 ఎంఎంకి తగ్గించండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, బాష్‌లో అంకె తగ్గితే చల్లన. ఇక్కడ పొరబడితే పిస్టనే కరుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ బండిలో ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఇంజిన్ ఆయిల్ పోయండి, పై గేర్లలో 2000 ఆర్‌పీఎం లోపు పూర్తిగా తొక్కకండి.

క్లచ్ కూడా చూసుకోండి. నాలుగో గేరులో 2000 దగ్గర తొక్కితే ఆర్‌పీఎం ఎగిరి వేగం అక్కడే ఉంటే ప్లేటు జారుతోంది.

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని ఫిల్టర్‌ని బంపర్ కిందకి దించే కిట్లు మన దగ్గర వద్దే వద్దు. వానాకాలం రోడ్డు మీద అడుగు నీరు నిలిస్తే అది నేరుగా సిలిండర్లోకి తాగుతుంది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కంపెనీ గొట్టం ఎత్తులోనే ఉండనివ్వండి.

కాగితాల విషయం: ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వారంటీ పోతుంది, చెప్పకుండా దాచిన మార్పు బయటపడితే బీమా క్లెయిమ్ దగ్గరా ఇబ్బందే.

ఆయిల్ 5,000 కిలోమీటర్లకే మార్చండి, మార్చిన ప్రతిసారీ యాక్చుయేటర్ గొట్టం రెండు చివర్లూ చేత్తో లాగి చూడండి. ఆ ఒక్క గొట్టం ఊడితే వేస్ట్‌గేట్ ఇక తెరుచుకోదు, బూస్ట్‌కి హద్దుండదు. కంపెనీది పాత గొట్టం డాష్‌బోర్డు అరలో పడేసి ఉంచండి. దారిలో కొత్తది చిరిగితే కంట్రోలర్ పక్కన పెట్టి, కంప్రెసర్ నుంచి యాక్చుయేటర్‌కి దాన్నే నేరుగా తగిలించుకుని ఇంటికి రావచ్చు.