పాత హై-ఎండ్ యాంప్లిఫయర్: కొలిచాకే విప్పడం, తేలాకే మార్చడం

ముప్పై నలభై ఏళ్ల నాటి మంచి స్టీరియో యాంప్లిఫయర్ చేతికి వచ్చినప్పుడు దాన్ని వెంటనే ప్లగ్గులో పెట్టి ఒక పాట వినాలనిపించడం సహజమే గాని, ఆ కోరికను ఒక పూట ఆపుకోవడం మేలు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యాంప్లిఫయర్‌కు ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే, అప్పటిదాకా ఒక చిన్న భాగానికే పరిమితమై ఉన్న లోపం అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లనూ, వాటికి తగిలించిన స్పీకర్లనూ కూడా వెంట తీసుకుపోతుంది.

మొదట తేల్చుకోవలసింది ఆ యాంప్లిఫయర్ మన శ్రమకు తగినదా కాదా అన్న సంగతి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి ఉన్నా, ఆ కంపెనీ ఒక్కదాని కోసమే తయారై ఇప్పుడెక్కడా దొరకని ఐసీ పోయి ఉన్నా పని కష్టం. మిగిలినవి దాదాపు అన్నీ మార్చుకోగలిగినవే. మూత తీసి వాసన చూడండి, మాడిన వార్నిష్ వాసన తేలిగ్గానే తెలిసిపోతుంది. అంతకుముందు ఎవరైనా చేయిపెట్టారా అన్నది కూడా గమనించాలి. కంపెనీ వేసిన టంకానికీ తర్వాత ఎవరో వేసిన టంకానికీ మెరుపులో, ఆకారంలో తేడా కనిపిస్తుంది. నా లెక్కలో, ఎవరూ ముట్టుకోని చెడిపోయిన యాంప్లిఫయర్ కన్నా, ఇద్దరు ముగ్గురు బాగుచేసి వదిలేసిన యాంప్లిఫయరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ప్లగ్గు తీసినంత మాత్రాన ప్రమాదం పోదు. సప్లై వోల్టేజిని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు ఒక్కొక్కటి 10,000 మైక్రోఫారడ్‌ల దాకా ఉండి, 50 వోల్టులకు పైగా ఛార్జిని చాలాసేపు నిలుపుకొని ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవరుతో షార్టు చేసి టప్పుమనిపించే అలవాటు కొందరికి ఉంది. అది కెపాసిటరుకూ కంటికీ కూడా మంచిది కాదు. 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లతో ఆ టెర్మినళ్లకు ఆనించి పది సెకన్లు ఉంచి, ఆ తర్వాత మల్టీమీటరుతో వోల్టేజి సున్నాకు వచ్చిందో లేదో చూసుకోవాలి. వాల్వ్ యాంప్లిఫయర్లలో 300 నుంచి 500 వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి, ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవారు వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సీరీస్ ల్యాంపు తప్పనిసరి. మెయిన్స్ లైవ్ వైరుకు సీరీస్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి, స్పీకర్లేవీ తగిలించకుండా స్విచ్ వేయాలి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిల్టర్ కెపాసిటర్లు నిండేంతవరకు బల్బు ఒక్కసారి బాగా వెలిగి, తర్వాత మసకబారితే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. అలాగే ప్రకాశంగా వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్‌నూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లనూ ముందుగా అనుమానించాలి.

ఈ పరీక్ష దాటాక బల్బు తీసేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి (డీసీ ఆఫ్‌సెట్) కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే చింత లేదు. 100 దాటితే కారణం వెతకాలి. కొన్ని వోల్టులు ఉంటే మాత్రం స్పీకర్ తగిలించిన క్షణం నుంచే వూఫర్ కాయిల్ కాలడం మొదలవుతుంది. స్పీకర్లను కాపాడే స్విచ్చు అయిన ప్రొటెక్షన్ రిలే టక్కుమని పడకపోతే టెర్మినళ్ల దగ్గర సున్నాయే చూపిస్తుంది కాబట్టి, రిలేకు ముందున్న వైపు కొలవాలి.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయిందని తేలితే, దానితోపాటు దాని కాలికి కలిపిన ఎమిటర్ రెసిస్టర్‌నూ దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌నూ కూడా పరీక్షించాలి. ఆ ఒక్కటే పోవడం అరుదు. బాగా పేరున్న పవర్ ట్రాన్సిస్టర్ల నంబర్లతో నకిలీలు విరివిగా తిరుగుతున్నాయి గనుక నమ్మకమైన చోటే కొనాలి. బిగించేటప్పుడు కింద అభ్రకం రేకు, దానికి రెండు వైపులా పలచగా హీట్‌సింక్ పేస్టు ఉండాలి. బిగించాక ట్రాన్సిస్టర్ లోహపు ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య కంటిన్యుటీ (కరెంటుకు దారి) రాకూడదు. రేకులో వెంట్రుకవాసి పగులు ఉన్నా కొత్త ట్రాన్సిస్టర్ మొదటి నిమిషంలోనే పోవచ్చు.

శబ్దం లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా పారే బయాస్ కరెంటును సీరీస్ ల్యాంపు మీద సరిచేయకూడదు, అప్పుడు సప్లై వోల్టేజి తగ్గి ఉంటుంది. పూర్తి మెయిన్స్ మీద ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, ఎమిటర్ రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. ఆ రెసిస్టర్ 0.22 ఓమ్ అయితే 11 మిల్లీవోల్టులంటే 50 మిల్లీ ఆంపియర్లు. ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్ చెప్పాలి గాని మన ఊహ కాదు. 1975లో వచ్చిన క్వాడ్ 405 వంటి వాటిలో బయాస్ సర్దుబాటే ఉండదు కాబట్టి లేని ట్రిమ్‌పాట్ (తిప్పి సరిచేసే బుల్లి స్క్రూ) కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

ఇక కెపాసిటర్ల సంగతి. పాత యాంప్లిఫయర్ కనబడగానే అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేయాలని చెప్పేవారు చాలామంది. నేనూ ఒకసారి అలాగే చేశాను. ఎడమ ఛానల్ మాటిమాటికీ మాయమయ్యే ఒక యాంప్లిఫయర్‌లో రెండు రోజులు కూర్చుని ఇరవైకి పైగా కెపాసిటర్లు మార్చాను, లోపం మాత్రం చెక్కుచెదరలేదు. చివరికి తేలిందేమిటంటే, తక్కువ వాల్యూమ్‌లో శబ్దం పోయి, వాల్యూమ్ ఒక్క క్షణం పెంచగానే తిరిగి వస్తోంది; అది స్పీకర్ రిలే కాంటాక్టుల మీద పేరుకున్న తుప్పు పొర లక్షణం. రిలే పైనున్న ప్లాస్టిక్ మూత తీసి చూస్తే, వెండిలా మెరవవలసిన కాంటాక్టులు పొగచూరినట్టు నల్లబడి ఉన్నాయి. పలచని అట్టముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా నొక్కిపట్టి నాలుగుసార్లు లాగితే, ఆ ముక్క మీద సీసపు పెన్సిల్ గీతలాంటి మరక పడింది, శబ్దం నిలిచింది. గరుకు కాగితంతో రుద్దితే పైపూత ఊడిపోతుంది. శాశ్వతమైన మరమ్మత్తు మాత్రం అదే కాయిల్ వోల్టేజి గల కొత్త రిలే వేయడమే, తర్వాత నేను చేసిందీ అదే.

కెపాసిటర్లు మార్చనే వద్దని దీని అర్థం కాదు. తల ఉబ్బినవి, అడుగున కారినవి, లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు మీద ఎక్కువ చూపించేవి మార్చవలసిందే. వేడి రెసిస్టర్ల పక్కనున్నవి ముందుగా పోతాయి, ఎందుకంటే వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఎలక్ట్రోలిటిక్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. విలువ అదే ఉండాలి, వోల్టేజి రేటింగు అంతకు తగ్గకూడదు, ధ్రువాలు తారుమారు కాకూడదు. పెద్ద కెపాసిటర్లను బోర్డుకు అంటించడానికి వాడిన జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు మారి విద్యుత్తును లీక్ చేయడం, పక్కనున్న వైర్లను తినేయడం కూడా ఉంది. అది కనిపిస్తే ఓపిగ్గా గీకి తీసేయాలి.

హమ్మింగ్ వస్తుంటే ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకి చూడండి. అప్పుడు ఆగిపోతే అది తరచుగా గ్రౌండ్ లూప్ (కేబుళ్ల ఎర్త్ దారులు చుట్టు తిరిగి కలవడం), లోపల విప్పే పని లేదు. అలాగని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసి దాన్ని ఆపడం ప్రాణాంతకం. కేబుళ్లు లేకపోయినా, వాల్యూమ్ ఎక్కడున్నా ఒకేలా వినిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లను పరీక్షించాలి. వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగరకు కాంటాక్ట్ క్లీనర్ చాలు. తట్టినప్పుడల్లా వచ్చిపోయే శబ్దానికి కారణం తరచుగా సరిగా అతుక్కోని టంకం, అంటే డ్రై సోల్డరే. భూతద్దం కింద విడిభాగం కాలు చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తుంది. దాని మీద కొత్త టంకం పోయకుండా, పాతదాన్ని పూర్తిగా లాగేసి మళ్లీ వేయాలి.

వినికిడితో నిర్ణయించడం చివరి మెట్టు, అందులో మోసపోవడం చాలా తేలిక. రెండు యాంప్లిఫయర్లలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే మెరుగని చెవి చెబుతుంది. అందుకే 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర రెంటికీ 2.83 వోల్టులు, అంటే 8 ఓమ్‌ల మీద ఒక వాట్, శాతం తేడా కూడా లేకుండా సరిచూసుకుని పోల్చాలి. ఒక ఛానల్ మసకగా ఉందనిపిస్తే ఇన్‌పుట్‌లో కుడి ఎడమలు మార్చండి. లోపం పక్క మారితే అది యాంప్లిఫయర్‌కు ముందే ఉంది, మారకపోతే యాంప్లిఫయర్‌లోనో స్పీకర్‌లోనో ఉంది. అప్పుడు స్పీకర్ వైర్లను కుడి ఎడమలు మారిస్తే మిగిలిన సగం తేలిపోతుంది.

మూత బిగించే ముందు ఒక గంట నడిపి, డీసీ ఆఫ్‌సెట్‌నూ బయాస్‌నూ మళ్లీ కొలిచి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని మూత లోపలి వైపు అంటించండి. మొదటి రోజు తగిలించే స్పీకర్లు పోయినా బాధపడనివే కావాలి.