మాల్టా బట్టీల ఫ్టిరా రొట్టెను ఇంటి ఓవెన్‌లో కాల్చుకునే విధానం

సిసిలీకి దక్షిణంగా, మధ్యధరా సముద్రంలో మొత్తం 316 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల మాల్టా ద్వీపాలలో రొట్టెలు కాల్చే బట్టీని ఫోర్న్ అంటారు. అక్కడి పాత ఊళ్ళలో నడిస్తే ‘త్రీక్ ఇల్-ఫోర్న్’ (బట్టీ వీధి) అనే వీధి పేరు కనిపిస్తూ ఉంటుంది. బట్టీ ఎప్పుడో మూతపడినా వీధికి ఆ పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ బట్టీలు ఇచ్చిన రొట్టెలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి పైపెచ్చు గట్టిగా, లోపల పెద్ద పెద్ద గుల్లలతో మెత్తగా ఉండే గుండ్రటి హొబ్స్. రెండవది అదే పిండిని పలచగా అదిమి, నడుమ చిల్లు చేసి కాల్చే ఫ్టిరా. ఈ ఫ్టిరాను, దానిని తయారుచేసే నైపుణ్యాన్ని 2020 డిసెంబరులో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి మాల్టా నుంచి మొదట వెళ్ళినది ఈ రొట్టె.

ఫ్టిరాకు కావలసినవి గోధుమ పిండి, నీరు, ఉప్పు, పులిసిన పిండి మాత్రమే. ఇంత తక్కువ సరుకుతో చేసేది కనుక దీని రుచి దినుసుల వల్ల రాదు. బట్టీ పని జరిగే తీరు వల్ల వస్తుంది. నిన్నటి పిండిని దాచడం, పిండిని బాగా తడిగా ఉంచడం, తొందరపడకుండా నాననివ్వడం, కాగిన రాతి నేల మీద నేరుగా కాల్చడం అనే నాలుగు పనులలో ఏ ఒక్కటి వదిలినా వచ్చేది చదునైన పావురొట్టె మాత్రమే. అందువల్ల కింది విధానంలో ప్రతి మెట్టు దగ్గరా అక్కడి బట్టీవారు ఏం చేసేవారో, మన వంటింట్లో దానికి దగ్గరగా ఏం చేయవచ్చో కలిపి చెబుతున్నాను.

పిండి ఎంపిక

మాల్టా రాతి నేల తన జనానికి సరిపడే గోధుమను ఎన్నడూ పండించలేదు. ధాన్యం ఎక్కువగా సిసిలీ నుంచి ఓడల మీద వచ్చేది. ముట్టడి వస్తే ఓడలు ఆగిపోతాయన్న భయంతో, అప్పట్లో మాల్టాను పాలించిన క్రైస్తవ సైనిక సంఘమైన సెయింట్ జాన్ వీరుల కాలంలో నేలలో లోతైన రాతి పాతర్లు తవ్వించి గోధుమ నిల్వ చేశారు. తరువాత ద్వీపాలను ఏలిన బ్రిటిష్ వారు వాటిని ఇంకా పెంచారు. రాజధాని వాలెట్టాను ఆనుకుని ఉన్న ఫ్లోరియానాలో సెయింట్ పబ్లియస్ చర్చి ముందున్న మైదానంలో ఆ పాతర్ల గుండ్రటి రాతి మూతలు నేటికీ వరుసలుగా కనిపిస్తాయి. ధాన్యాన్ని పిండి చేయడానికి గాలిమరలు ఉండేవి. గోజో ద్వీపంలోని షారా గ్రామంలో 1725లో కట్టిన ‘తా కోలా’ గాలిమర ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది. పిండి మర పనిచేసే తీరు చూడదలచినవారు అక్కడికి వెళ్ళాలి.

ఓడల మీద ఆధారపడిన రొట్టె కనుక దాని ధర అక్కడ ఎప్పుడూ రాజకీయ విషయమే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత పిండి, రొట్టె ధరలు పెరిగి జనం వీధులలోకి వచ్చినప్పుడు, 1919 జూన్ 7, 8 తేదీలలో వాలెట్టాలో బ్రిటిష్ సైనికుల చేతిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ‘సెట్టె జున్యో’ అనే ఆ జూన్ 7ను మాల్టా ఇప్పుడు తన జాతీయ దినాలలో ఒకటిగా పాటిస్తోంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ద్వీపం బాంబుల మధ్య చిక్కుకుపోయి, 1942లో రొట్టెకు రేషన్ పెట్టారు. గోధుమ పిండి చాలక అందులో బంగాళాదుంప కలిపి కాల్చారు. ఆ ఆగస్టులో మాల్టాకు బయలుదేరిన 14 సరుకు ఓడలలో 5 మాత్రమే రేవు చేరాయి. వాటి వల్లనే ద్వీపం నిలదొక్కుకుంది. అక్కడి పెద్దలు రొట్టె ముక్కను పారవేయడానికి ఎందుకు ఇష్టపడరో తెలుసుకోవడానికి ఈ చరిత్ర చాలు.

మన విషయానికి వస్తే, పొట్లం మీద 100 గ్రాములకు ప్రోటీన్ 11 గ్రాములు లేదా అంతకు మించి ఉన్న మైదాను ఎంచుకోవాలి. ‘బ్రెడ్ ఫ్లోర్’ అని అమ్మేది దొరికితే ఇంకా మంచిది. మామూలు మైదా మాత్రమే దొరికినప్పుడు 450 గ్రాముల మైదాకు 50 గ్రాముల మెత్తటి గోధుమ పిండి కలిపితే రుచి మెరుగవుతుంది. గోధుమ పిండి అంతకన్నా పెంచితే లోపలి గుల్లలు చిన్నవైపోతాయి.

ముందురోజు సాయంత్రం: టిన్సిలా

బట్టీవారు ప్రతి రాత్రి పని ముగిసేటప్పుడు పిండిలో కొంత తీసి మరుసటి రాత్రికి దాచేవారు. దానిని టిన్సిలా అంటారు. మన ఇళ్ళలో పెరుగు తోడు ఎలా రోజు నుంచి రోజుకు సాగుతుందో ఇదీ అలాగే సాగుతుంది, అలాగే తెగిపోతే కొత్తగా మొదలు పెట్టవలసి వస్తుంది. మొదటిసారి చేసేవారు 100 గ్రాముల మైదా, 65 మిల్లీలీటర్ల నీరు, 2 గ్రాముల ఉప్పు, చిటికెడు పొడి ఈస్ట్ కలిపి ముద్ద చేసి మూత పెట్టాలి. వేసవిలో గంటసేపు, చలికాలంలో మూడు గంటలు బయట ఉంచి, తరువాత తెల్లవారే దాకా ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండలలో దానిని రాత్రంతా బయట వదిలితే పుల్లబడి, జిగురు చచ్చి, పిండిని లేపే శక్తి కోల్పోతుంది.

ఫ్టిరాలకు కలిపిన పిండిలో నుంచి 165 గ్రాములు తీసి మూతగల గిన్నెలో ఫ్రిజ్‌లో దాచుకుంటే మూడు నాలుగు రోజులలోపు మళ్ళీ వాడుకోవచ్చు. ఇలా సాగినకొద్దీ రుచి లోతెక్కుతుంది. పొడి ఈస్ట్ ఎక్కువ వేసి గంటలో కాల్చే పద్ధతులు ఉన్నాయి గాని, నా దృష్టిలో అవి ఈ రొట్టెకు తగవు.

కలపడం, నాననివ్వడం

500 గ్రాముల పిండిలో 365 మిల్లీలీటర్ల నీరు పోసి, పొడి మిగలకుండా కలిపి అరగంట మూత పెట్టాలి. తరువాత టిన్సిలాను చిన్న ముక్కలుగా తుంచి వేసి, 10 గ్రాముల ఉప్పు, పావు చెంచా పొడి ఈస్ట్ చేర్చి, చేయి తడి చేసుకుంటూ అయిదు నిమిషాలు పిసకాలి. పిండి చపాతీ ముద్దకన్నా చాలా మెత్తగా ఉండి చేతికి అంటుకుంటుంది. అంటుకుంటోంది కదా అని పొడి పిండి చల్లడం మొదలుపెడితే రొట్టె బరువెక్కిపోతుంది. ఇక్కడ ఓపిక పట్టాలి. అరగంటకు ఒకసారి చొప్పున మూడుసార్లు, ముద్ద అంచును పట్టి పైకి సాగదీసి మధ్యకు మడవాలి. మూడవ మడత నాటికి ముద్ద నునుపుగా, బిగువుగా మారుతుంది. ఆ తరువాత అది దాదాపు రెట్టింపయ్యే దాకా కదపకూడదు. హైదరాబాదు చలికాలంలో ఇందుకు రెండు గంటలకు పైగా పట్టవచ్చు, విజయవాడ వేసవిలో గంట లోపే కావచ్చు. కాబట్టి గడియారాన్ని కాక పిండినే చూడాలి.

పిండి చల్లిన బల్ల మీద ముద్దను మెల్లగా ఒంపి, 260 గ్రాముల చొప్పున (టిన్సిలాకు పిండి తీసి దాచుకుంటే దాదాపు 220 గ్రాముల చొప్పున) నాలుగు భాగాలు చేసి, మూత కింద అరగంట వదలాలి. ఆపైన ఒక్కొక్కటి వేళ్ళతో జానెడు వెడల్పున అదిమి, నడుమ వేళ్ళు దింపి చిల్లు చేసి వెడల్పు చేయాలి. అప్పడాల కర్ర వాడితే గాలి అంతా పోతుంది. కాలేటప్పుడు చిల్లు మూసుకుంటుంది కనుక దానిని కావలసినదానికన్నా పెద్దదిగానే చేయడం మంచిది. మధ్య భాగం పచ్చిగా మిగలకుండా కాలడానికి ఆ చిల్లు ఉపయోగపడుతుంది.

కాల్చడం

పాత ఫోర్న్‌లో కట్టెలు మండించి రాతి నేలను, కమానును కాగనిచ్చి, నిప్పులు పక్కకు తోసి, పొడుగాటి చెక్క పారతో రొట్టెలను నేరుగా నేల మీద పరిచేవారు. ఇప్పుడు చాలా బట్టీలు డీజిలు, గ్యాసు, విద్యుత్తులకు మారాయి. కొన్ని మాత్రం కట్టెల పొయ్యినే నిలుపుకున్నాయి. ఇంధనం మారినా రాతి నేల ఉంటే రొట్టె అడుగు దాదాపు అదే తీరున వస్తుంది.

ఆ రాతి నేలకు బదులుగా మందపాటి ఇనుప దోసె పెనం వాడవచ్చు. ప్లాస్టిక్ లేదా చెక్క పిడి ఉన్నది, నాన్‌స్టిక్ పూత ఉన్నది పనికిరావు. పెనాన్ని ఓవెన్ కింది అరలో పెట్టి, 250 డిగ్రీల దగ్గర కనీసం 40 నిమిషాలు కాగనివ్వాలి. పిండి చల్లిన పళ్ళెం వెనుక వైపు మీద ఫ్టిరాను ఉంచి పెనం మీదికి జార్చి, అడుగున ముందే పెట్టిన చిన్న ఇనుప గిన్నెలో అరకప్పు వేడి నీరు పోసి వెంటనే తలుపు మూయాలి. ఆవిరికి చేయి కాలుతుంది కనుక మందపాటి గుడ్డ తప్పనిసరి. గాజు తలుపు మీద నీటి చుక్క పడనివ్వకూడదు. 15 నుంచి 18 నిమిషాలలో పైన ముదురు గోధుమ రంగు, అక్కడక్కడ నల్లటి మచ్చలు వస్తాయి. అడుగున వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. లేత రంగులోనే తీసేస్తే పెచ్చు గంటలో మెత్తబడిపోతుంది.

పాతరోజులలో రాత్రి రొట్టెలు దిగిన తరువాత ఫోర్న్ వేడి వృథాగా పోయేది కాదు. ఆదివారం ఉదయం ఇల్లాళ్ళు తమ కూర పళ్ళాలను గుర్తు బిళ్ళలతో సహా బట్టీకి పంపి, మధ్యాహ్నానికి తెప్పించుకునేవారు. ఇళ్ళలో ఓవెన్లు వచ్చాక ఈ అలవాటు బాగా తగ్గింది. మీరూ మిగిలిన వేడిని వాడుకోదలిస్తే చక్రాలుగా కోసిన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, సోంపు, నూనె, కొద్దిగా నీరు కలిపిన పళ్ళెం లోపల పెట్టి, 190 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచవచ్చు. ఇది మాల్టా ఇళ్ళలో చేసే పటాటా ల్-ఫోర్న్.

గోజో పద్ధతి

గోజోలో ఫ్టిరా అంటే వేరే రూపం కూడా ఉంది. అక్కడ ఇదే పిండిని చిల్లు లేకుండా పలచగా పరిచి, పైన కాగితమంత పలచని బంగాళాదుంప ముక్కలు, ఉల్లి, టమాటా, ఆలివ్‌లు, ఉప్పు చేప ముక్కలు పేర్చి, అంచులు లోపలికి మడిచి కాలుస్తారు. గొర్రె లేదా మేక పాల జున్ను అయిన జ్బెయ్నాను గుడ్లతో కలిపి లోపల పెట్టి పూర్తిగా మూసేసే రకం కూడా ఉంది. ఇంట్లో చేసేవారు నీరు పిండిన పనీర్‌కు ఉప్పు, మిరియాలు పట్టించి వాడవచ్చు. బంగాళాదుంప ముక్కలను ముందుగా ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి తుడిస్తే రొట్టె తడిసి ముద్ద కాదు. బయట పిజ్జాతో దీనిని పోల్చే అలవాటు ఉంది గాని, ఇందులో జున్ను పొర కాదు, కాలిన దుంపలే ముఖ్యం.

మామూలు చిల్లు ఫ్టిరాను అడ్డంగా కోసి, పండిన టమాటా సగాన్ని లోపలి భాగానికి గట్టిగా రుద్ది, ఆలివ్ నూనె పోసి, కేపర్లు (ఊరవేసిన పూమొగ్గలు), ఆలివ్‌లు, ట్యూనా చేప, పుదీనా పెట్టుకుని తింటారు. శాకాహారులు చేప మానేసినా రుచికి లోటు ఉండదు.

అక్కడ నివసించేవారికి

చదువుకో ఉద్యోగానికో మాల్టా చేరినవారు సూపర్‌మార్కెట్ రొట్టెతో సరిపెట్టుకోకుండా ఒకసారి కోర్మీ వెళ్ళాలి. సెయింట్ జాన్ వీరుల కాలంలో ఆ ఊరిని రొట్టెలు కాల్చేవారి ఊరు అనే అర్థంలో కసాల్ ఫోర్నారో అని పిలిచేవారు. 1743లో ఆ వీరుల అధిపతి, గ్రాండ్ మాస్టర్ పింటో దానికి నగర హోదా ఇచ్చాడు. బట్టీపని నేటికీ అక్కడ సాగుతోంది. గోజోకు వెళితే నదూర్ గ్రామంలోని మెక్రెన్, మషొక్ బట్టీలు పేరున్నవి. సందడి ఉండే రోజులలో ముందుగా ఫోన్ చేసి చెప్పి ఉంచడం మేలు. బట్టీలలో రాత్రి పని కాబట్టి రొట్టె తెల్లవారే దొరుకుతుంది. రాత్రంతా మేలుకునే ఈ పనికి కొత్తవారు ముందుకు రావడం కష్టమవుతోంది, గడ్డకట్టించిన పిండితో కాల్చిన చవక రొట్టె అంగళ్ళను నింపుతోంది. ఆ పోటీలో నిలిచిన బట్టీకి మీ కొనుగోలే ఆసరా. కొనడానికి వెళ్ళినప్పుడు రద్దీ లేకపోతే పొయ్యి చూపించమని మర్యాదగా అడగవచ్చు.

ఇంట్లో మిగిలిన ఫ్టిరాను ప్లాస్టిక్ సంచిలో కాక గుడ్డలో చుట్టి ఉంచాలి. మరునాడు పైన నీళ్ళు చిలకరించి, 200 డిగ్రీల ఓవెన్‌లో అయిదు నిమిషాలు పెడితే పెచ్చు మళ్ళీ కరకరలాడుతుంది.