ప్లేనార్ స్పీకర్లకు ఆంప్లిఫయర్ కుదిరిన వైనం (నా అనుభవం)

విజయనగరంలో మా ముందుగదిలో రెండు ప్లేనార్ మాగ్నెటిక్ స్పీకర్లు (అయస్కాంతాల ఎదుట పలచని పొర కంపించి పలికేవి) తలుపు రెక్కల్లా నిలబడి ఉంటాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ చక్కగా పలికేది. తని ఆవర్తనం మొదలైతే మాత్రం మృదంగం అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించేది. ఇరవై నిమిషాలకు ఆంప్లిఫయర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, టక్కుమని ఆగిపోయేది.

తీగలు మార్చాను, ఫ్యాను పెట్టాను, స్పీకర్లను గోడకు దూరం జరిపాను. స్పష్టత పెరిగింది, జబ్బు పోలేదు.

చివరికి అన్నీ ఆపి, తీగలు విప్పి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టాను: 4.1 ఓమ్‌లు (కరెంటుకు ఎదురయ్యే అడ్డు ఇది). తర్వాత ఆంప్లిఫయర్‌ను తిప్పి దుమ్ము తుడిస్తే, వెనక '8–16 ఓమ్‌లు' అని ఉంది. ఓమ్‌లు తగ్గితే స్పీకర్ కరెంటు ఎక్కువ లాగుతుంది, అది తట్టుకోలేకే ఆంప్లిఫయర్ వేడెక్కేదన్నమాట. ఇన్నాళ్లూ ముందువైపు వాట్లు చూసే మురిసిపోయాను! పెళ్లిళ్లకు మైకుసెట్లు అద్దెకిచ్చే మా బావగారి దగ్గర, 4 ఓమ్‌లకు తట్టుకునే ఆంప్లిఫయర్ ఒక రోజు అరువు తెచ్చాను. దాని ఫ్యాన్ల రొద భరించలేం కానీ, మృదంగం మృదంగంలా మోగింది.

అప్పుడే కొన్నాను: 8 ఓమ్‌లకు 100 వాట్లు, 4 ఓమ్‌లకు 190 వాట్లు ఇచ్చేది. వాట్లు అలా దాదాపు రెట్టింపైతే లోపలి విద్యుత్ సరఫరాలో దమ్మున్నట్టు. నా స్పీకర్లు ఒక వాటుకు మీటరు దూరంలో 83 డెసిబెల్సే ఇస్తాయి. 100 వాట్లకు 103. మా పన్నెండడుగుల గదికి సరిపోయింది, పెద్ద హాలు సంగతి చెప్పలేను.

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు (అయస్కాంతాలు లేకుండా విద్యుదావేశంతో పొర కదిలేవి) ఈ మల్టీమీటర్ పద్ధతి పనికిరాదు. తారస్థాయి ధ్వనుల దగ్గర వాటి ఇంపెడెన్స్ (పాట మోగేటప్పుడు కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో) బాగా పడిపోతుంది. ఏ స్పీకర్లకైనా, ఆంప్లిఫయర్ కొనే ముందు దాన్ని ఒక రోజు అరువు తెచ్చుకుని వినండి.