తావో దారిలో కాలాన్ని చూడటం ఎలా?

ప్రకృతి నడిచే దారిలోనే మనమూ నడవాలనే చైనా తావో సంప్రదాయంలో కాలం ఒకసారి పోయి మళ్లీ రాకుండా ఉండేది కాదు, గిర్రున తిరిగొచ్చేది. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్నట్టే వాళ్లకూ 60 ఏళ్ల చక్రం ఉంది. బీజింగ్‌లోని తెల్ల మేఘాల ఆలయంలో ఆ 60 ఏళ్లకూ ఒక్కో దేవత; జనం తాము పుట్టిన ఏడాది దేవతను వెతుక్కుని దణ్ణం పెట్టుకుంటారు.

1. ముందు, ఇప్పుడు ఏం నడుస్తోందో చూడండి. చైనా పంచాంగంలో ఏడాదికి 24 భాగాలు, ఒక్కోటి సుమారు 15 రోజులు. మన కార్తెల్లాంటివే. ఒకదాని పేరు పురుగులు మేల్కొనే వేళ, ఇంకోటి గింజ నిండే వేళ. మీరూ 15 రోజులకోసారి ఒకే చెట్టు దగ్గరికి వెళ్లండి. ఫొటో తీయొద్దు. కొమ్మ పట్టుకుని చిగురు వేస్తోందా, ఆకు ముదిరిందా చూడండి.

2. కొత్తగా మొదలైనదాన్ని తొందరపెట్టకండి. డిసెంబర్ 21 ప్రాంతంలో అతి పొడవైన రాత్రి వస్తుంది. యాంగ్, అంటే వెలుగు, వేడి, మళ్లీ పుట్టేది అప్పుడే. ఆ రోజు పూర్వపు రాజులు సరిహద్దు ద్వారాలు మూసేవారని, వర్తకులు ప్రయాణాలు మానేవారని చైనా ప్రాచీన గ్రంథం యీజింగ్ చెబుతుంది. జబ్బు నుంచి లేచిన వారంలోనే టెన్షన్ పడుతూ పాత పనులన్నీ నెత్తిన వేసుకునేవాళ్లకు ఈ మాట చాలా అవసరం.

3. దుఃఖాన్ని దాచుకోకండి. భార్య పోయినప్పుడు ప్రాచీన తావో తత్వవేత్త జువాంగ్‌జీ గిన్నె వాయిస్తూ పాడుతుంటే మిత్రుడు హుయిజీ తప్పుపట్టాడు. మొదట నాకూ బాధేసింది, కానీ పుట్టడం, పోవడం నాలుగు రుతువులు మారినట్టే కదా అన్నాడాయన. ఆ "మొదట బాధేసింది" అన్న మాట వదిలేసి మిగతాది చెప్పడం అన్యాయం.

4. చేతిలో ఉన్న పనిలో ఉండండి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. జువాంగ్‌జీ గ్రంథంలో డింగ్ అనే వంటవాడు ఎద్దును కోస్తుంటాడు. మామూలు వంటవాళ్లు నెలకో కత్తి మారుస్తారు, అతని కత్తికి 19 ఏళ్లు. ఎముకల సందుల్లోంచే పోనిస్తాడు కాబట్టి పదును పోదు. కానీ ముడి తగిలితే? అక్కడ నెమ్మదిస్తాడు. చూపు అక్కడే నిలుపుతాడు, కత్తిని కొంచెమే కదుపుతాడు. మాంసం మట్టిగడ్డలా విడిపోతుంది.

పనిలోగానీ ఇంట్లోగానీ చిక్కు వచ్చినప్పుడు అలాగే చేయి నెమ్మదించి, ముడి ఎక్కడుందో చూసి, అంతమేరకే కదపండి. పనయ్యాక డింగ్ నిలబడి ఓసారి చుట్టూ చూసి, కత్తి తుడిచి లోపల పెడతాడు. మీరూ తర్వాతి పని అందుకునే ముందు చేతులు కడుక్కుని, ఒక్క నిమిషం ఊరికే నిలబడండి.