తక్కువ ఖర్చులో హెవీ లైసెన్స్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు

ఆర్టీఓ ఆఫీసు ముందు హెవీ లైసెన్స్, అంటే లారీ, బస్సు లాంటి పెద్ద బండ్ల లైసెన్స్ గురించి ఎవరినడిగినా మొదట వినిపించే మాట ‘ప్యాకేజీ’. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్), ఫారాలు, టెస్టు, బండి అన్నీ కలిపి ఇంత అని ఒక అంకె చెప్తారు. ఆ అంకెను విడదీసి చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150 రూపాయలు, డ్రైవింగ్ టెస్టుకి 300, ఉన్న లైసెన్స్‌లో కొత్త తరగతి ఎక్కించడానికి 500. కార్డు జారీకి మరో 200 పడినా మొత్తం 1,150. దీనిమీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు కొంత ఉంటాయి. ప్రభుత్వానికి వెళ్ళేది ఇంతే. మిగతాది మూడు చోట్లకి పోతుంది: స్టీరింగ్ నేర్చుకోవడానికి, టెస్టు రోజు బండికి, మధ్యలో ఉన్న ఏజెంటుకి. నేర్చుకునే దగ్గర పిసినారితనం వద్దు. ఏజెంటుకి మాత్రం రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు, దరఖాస్తు, ఫీజు, స్లాట్ అన్నీ ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు.

అసలు మీకు హెవీ అవసరమో కాదో ముందు తేల్చుకోండి. సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి మామూలు ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్స్ సరిపోతుందని, ట్రాన్స్‌పోర్ట్ తరగతి (సరుకు, ప్రయాణికులను మోసే బండ్లది) విడిగా ఎక్కించుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. చూడాల్సింది ఆర్సీలో రాసిన గ్రాస్ వెయిట్, ఖాళీ బండి బరువు కాదు. కూరగాయల లోడో పాల వ్యానో నడుపుకుందామనుకునేవాళ్ళు ఒక్కసారి ఆర్సీ చూసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పెట్రోలు, గ్యాస్ లాంటి ప్రమాదకర సరుకు మోసే బండ్లకి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

పెద్ద లారీయే నడపాలంటే వయసు 20 నిండాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది రెండో షరతు: హెవీ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకునేనాటికి ఎల్‌ఎంవీ లైసెన్స్ చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. మన దగ్గర కుర్రాళ్ళు 18 నిండగానే బైకు లైసెన్స్ ఒక్కటే తీసుకుని ఊరుకుంటారు. 20 ఏళ్ళకి హెవీ కోసం వెళ్తే ముందు కారుది తీసుకో, ఇంకో ఏడాది ఆగు అంటారు. ఆ ఏడాది జీతం పోవడమే ఈ దారిలో అతి పెద్ద ఖర్చు. కాబట్టి 18లోనే బైకుతో పాటు కారుదీ తీసుకోండి. చదువు గురించి భయం వద్దు, ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లోనే తీసేశారు.

డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టకముందే కళ్ళు చూపించుకోండి. హెవీకి ఫారం 1ఏ, అంటే డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలరా, రంగులు గుర్తించడంలో తీవ్రమైన లోపం ఉందా, రేచీకటి ఉందా, వినికిడి సరిగ్గా ఉందా అని అందులో ఉంటుంది. రంగులు పోల్చుకోలేరన్న సంగతి స్కూలు ఫీజంతా కట్టాక బయటపడితే ఆ డబ్బు తిరిగి రాదు.

ఇంకో చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్స్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, లేదా ముందున్నది వెనక్కి పోయి ఉంటుంది. ఆన్‌లైన్ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఎల్‌ఎల్‌ఆర్‌కి ముందే సరిచేయించుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్ళనిస్తారు. అందుకే స్కూల్లో బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకుని, దానికి దగ్గర్లో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవడం మేలు.

ఇక నేర్చుకునే చోటు. ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదని, అందులో ఒక్కొక్కరు బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదని నిబంధన. అంటే రోజుకి అరగంట స్టీరింగ్ మీ చేతిలో ఉండాలి. చాలా స్కూళ్ళలో ఒకే లారీలో ఆరేడుగురిని ఎక్కించి ఊరి బయట ఒక రౌండు కొట్టించి దింపేస్తారు. ఒక్కొక్కరికి దక్కేది పది నిమిషాలు. ఫీజు ఎంత అని కాకుండా నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు అని అడగండి, ఫీజును ఆ గంటలతో భాగించి చూడండి. తక్కువ ఫీజు చెప్పిన స్కూలే గంట లెక్కన ఖరీదైనదని తరచూ తేలుతుంది. బండిలో శిక్షకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ పెడల్స్ ఉన్నాయో లేదో చూడండి. స్కూలు బండికి అవి ఉండి తీరాలి.

ప్రైవేటు స్కూలు ఒక్కటే దారి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ బయటివాళ్ళకి హెవీ శిక్షణ ఇస్తున్నాయి. అక్కడ బండ్లకీ అనుభవమున్న శిక్షకులకీ కొదవ ఉండదు కాబట్టి దగ్గర్లోని డిపోలో ముందు వాకబు చేయండి. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. ఎస్సీ, బీసీ, మైనారిటీ కార్పొరేషన్లు, ఏజెన్సీలో ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) అప్పుడప్పుడూ యువతకు డ్రైవింగ్ శిక్షణ ఉచితంగా ఇప్పిస్తుంటాయి. ప్రకటన వచ్చాక పరుగెత్తితే కుల, ఆదాయ ధ్రువపత్రాలు చేతికొచ్చేలోపు గడువు దాటిపోతుంది. వాటిని ముందే తీసి ఉంచుకోండి. కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పాసై, వాళ్ళిచ్చే ధ్రువపత్రం ఫారం 5బీ తెచ్చుకుంటే ఆర్టీఓ దగ్గర మళ్ళీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. ఫీజు కొంచెం ఎక్కువ కనబడినా, టెస్టు రోజు బండి అద్దె, తప్పితే మళ్ళీ పెట్టే ఖర్చు ఉండవని గుర్తుంచుకుని పోల్చుకోండి.

పాత దారి క్లీనరుగా ఎక్కడం. జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు, లోడు కట్టడం, టైరు మార్చడం, టార్పాలిన్ వేయడం ఏ స్కూలూ నేర్పదు. కానీ రెండు సంగతులు. ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుంటే, ఏదైనా జరిగినప్పుడు ఆ భారం మీ మీదా, డ్రైవరన్న మీదా, ఓనరు మీదా పడుతుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి, హెవీ లైసెన్స్ ఉన్న మనిషి పక్కన ఉండాలి, ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ బోర్డు ఉండాలి. రెండోది ఫారం 5. గుర్తింపు ఉన్న స్కూలు ఇచ్చే ఈ పత్రం లేకుండా ట్రాన్స్‌పోర్ట్ టెస్టుకి ఒప్పుకోరు. నేర్చుకోకుండా దాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నిండు లోడుతో ఘాట్ దిగుతున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ కాగితం కాదు.

టెస్టులో ఎక్కువమంది తప్పేది రివర్స్ దగ్గరే, దానికి కారణముంది. క్లీనర్లు, స్కూలు కుర్రాళ్ళు వెనక నిలబడిన మనిషి ‘రానీ, రానీ’ అంటూ బాడీ మీద చరిచే చప్పుడుతోనే రివర్స్ అలవాటు చేసుకుంటారు. టెస్టు ట్రాక్‌లో చరిచేవాళ్ళు ఉండరు, ఉన్నవి రెండు అద్దాలు. కాబట్టి మొదటి వారం నుంచే అద్దాల్లో చూస్తూ నేర్చుకోండి. ఎక్కగానే ప్రతి అద్దంలోనూ లోపలి అంచున బాడీ సన్నగా, కింద వెనక చక్రం కనబడేట్టు సర్దుకోవాలి. రివర్స్‌లో చూపు బాడీ మూల మీద కాదు, వెనక చక్రం మీద ఉండాలి, ఎందుకంటే బండి తిరిగేది ఆ చక్రం చుట్టూనే. స్టీరింగ్ ఎటు తిప్పితే వెనక భాగం అటు పోతుంది, అదే సమయంలో ముందు క్యాబిన్ ఎదురు వైపుకి ఊగుతుంది. ఆ ఊపులోనే టెస్టు ట్రాక్‌లో ముందున్న స్తంభాలు పడిపోతాయి. బండి కదలడం మొదలయ్యాక కొంచెం కొంచెంగా తిప్పండి, దారి తప్పిందనిపిస్తే ఆపి, ముందుకు తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

మలుపులో కారు అలవాటు దెబ్బతీస్తుంది. కారులో ముందు చక్రాలు మీకన్నా ముందుంటాయి, లారీలో దాదాపు మీ సీటు కిందే ఉంటాయి. మీరు మూల దాటినట్టు అనిపించాక కూడా ఒక క్షణం ఆగి తిప్పాలి, లేకపోతే వెనక చక్రాలు లోపలికి కోసుకుని గట్టు ఎక్కుతాయి.

ఎయిర్ బ్రేకు సంగతి కూడా చేతికి రావాలి. ఇంజను స్టార్ట్ చేయగానే హ్యాండ్ బ్రేకు తీసి బండి కదిలించకూడదు. గేజు ముల్లు పైకెక్కి, తక్కువ గాలి బజరు ఆగేదాకా ఆగాలి. గాలి లేనప్పుడు స్ప్రింగు బ్రేకు చక్రాలను పట్టేసి ఉంటుంది, బండి కదలట్లేదని యాక్సిలరేటర్ తొక్కితే క్లచ్ మాడుతుంది. నిలబడి ఉండగా ఊరికే బ్రేకు తొక్కితే ప్రతి తొక్కుకీ గాలి ఖర్చవుతుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరులో పడాలి. పెద్ద గేరులో దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. న్యూట్రల్‌లో దిగడం డీజిలు మిగిల్చినట్టు అనిపిస్తుంది కానీ ఇంజను పట్టు పూర్తిగా పోతుంది.

టెస్టుకి తెచ్చే లారీకి ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ అన్నీ చెల్లుబాటులో ఉండాలి. స్కూలు బండే అయినా ముందు రోజు అడిగి చూసుకోండి. వాటి గడువు దాటిపోయి ఉంటే మీ స్లాటే పోతుంది. వీలైతే నేర్చుకున్న బండినే తీసుకెళ్ళండి, క్లచ్ ఎక్కడ పడుతుందో తెలియని బండితో టెస్టుకి దిగడం చేజేతులా ఫీజు పోగొట్టుకోవడమే. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు, మళ్ళీ 300 కట్టాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఈలోపు ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటిపోకుండా చూసుకోండి.

కార్డు రాగానే ట్రాన్స్‌పోర్ట్ తరగతి ఎదురుగా ఉన్న గడువు తేదీ చూడండి. కారుకి చాలా ఏళ్ళ గడువు ఉన్నా, దీనికి ఐదేళ్ళే. రెన్యువల్‌కి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది అయిపోతే మళ్ళీ టెస్టు ఇవ్వాల్సి వస్తుంది. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లు నడపాలనుకుంటే మూడు రోజుల ప్రమాదకర సరుకుల కోర్సు చేసి కార్డులో ఎక్కించుకోవాలి. ఆ ఎక్కింపు ఫీజు 100 రూపాయలు, అది మూడేళ్ళు చెల్లుతుంది.